ఫ్యాన్ ఆపకుండా కరెంటు బిల్లు తగ్గించుకోవడం ఎలా? విశాఖలో చిన్న సంసారాల కోసం

మార్చి వెళ్ళిందంటే విశాఖలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. చెమట ఆరదు, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, రాత్రి పన్నెండు దాటినా సిమెంటు రేకు వేడి దిగదు. ఫ్యాన్ ఆపితే నిద్ర ఉండదు, ఆపకపోతే నెల తిరిగేసరికి బిల్లు భయం. కంచరపాలెంలో మా పక్కవీధి మామ్మ ఒకావిడ ఆ భయంతోనే మధ్యాహ్నం ఫ్యాన్ కట్టేసి గుమ్మంలో కూర్చునేది. ఒక మే నెలలో కళ్ళు తిరిగి అక్కడే పడిపోయింది. తర్వాత ఆవిడ బిల్లు చీటీ తీసి చూస్తే నెలకి 90 యూనిట్లు కూడా లేవు. ఫ్యాన్ అయిదు గంటలు ఆపితే ఆవిడకి మిగిలేది రోజుకి రెండు రూపాయలు కూడా కాదు.

అందుకే ఇది రాస్తున్నాను. పొదుపు అనగానే అందరూ ముందు ఫ్యాన్ మీద పడతారు. నేను చూసినంతలో పేద ఇళ్ళలో డబ్బు పోయేది ఫ్యాన్ దగ్గర కాదు. మీటరు ఇంకొకరితో పంచుకోవడం దగ్గర, రావాల్సిన రాయితీ రాకపోవడం దగ్గర, ఎవరిదో సర్వీసు నంబరు, అంటే కరెంటు కనెక్షన్ నంబరు, మన ఆధార్‌కి తగులుకోవడం దగ్గర పోతోంది. కాబట్టి ముందు కాగితాలు సరిచేసుకుందాం, వాడకం సంగతి తర్వాత చూద్దాం.

ముందు చీటీ చదవండి

రీడింగ్ తీసే అబ్బాయి ఇచ్చే చీటీ బస్సు టికెట్టులాంటి కాగితం. రెండు నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. చేతికి రాగానే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఎవరితోనైనా వాదించాల్సి వస్తే ఆ ఫొటోయే మీ ఆధారం.

చీటీలో అన్నింటికంటే ముందు చూడాల్సింది పేరు. మీ పేరుందా, పోయిన నాన్నగారి పేరుందా, ఇల్లు అమ్మినాయన పేరుందా? తర్వాత కేటగిరీ. ఇంటి వాడకానికి కేటగిరీ 1 ఉండాలి. ఎప్పుడో ముందు గదిలో చిన్న కొట్టు పెట్టి, కొట్టు తీసేసినా కేటగిరీ 2లోనే ఉండిపోయిన ఇళ్ళు ఉన్నాయి. అది వ్యాపారానికి వేసే రేటు, ఇంటి రేటు కంటే బాగా ఎక్కువ. ఆ తర్వాత పాత రీడింగు, కొత్త రీడింగు, వాటి తేదీలు. రెండు తేదీల మధ్య నెల రోజులుందో, నలభై రోజులుందో లెక్కపెట్టండి. కొత్త రీడింగు అంకెని మీటరు దగ్గరికి వెళ్ళి పోల్చుకోండి. మీటరు తెర మీద అంకెలు మారుతుంటాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ అని కనిపించేదే యూనిట్ల లెక్క. తలుపు తాళం వేసి ఉంటే అంచనా మీద బిల్లు కొడతారు, తర్వాతి నెలలో సర్దుతారు. అలాంటి నెలలో బిల్లు చూసి బెంబేలెత్తకండి, సర్దారో లేదో మాత్రం చూసుకోండి.

ఇప్పుడు రేటు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఇంటి కనెక్షన్లన్నింటికీ ఒకే పట్టిక పెట్టారు. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. ఇది మెట్ల లెక్క, ఒక్కో మెట్టుని శ్లాబు అంటారు. 126వ యూనిట్ కాల్చినంత మాత్రాన మొత్తం యూనిట్లకి ఆరు రూపాయలు పడదు, ఆ ఒక్క యూనిట్‌కే పడుతుంది. ఈ విషయం తెలియక చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. దీని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కి 10 రూపాయలు, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు వగైరా కలుస్తాయి. ఎఫ్‌పీపీసీఏ అనీ ట్రూ-అప్ అనీ కనిపించేవి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కరెంటు కొన్న ఖర్చుని తర్వాత మన దగ్గర వసూలు చేసుకునే పద్దులు. వాటిని మనం మార్చలేం.

ఏడాదికోసారి ఏసీడీ అని ఒక మొత్తం వస్తుంది. అది ఛార్జీ కాదు, డిపాజిట్. మీ వాడకం పెరిగింది కాబట్టి ధరావతు పెంచమని అడుగుతున్నారన్న మాట. ఆ డబ్బు మీ పేరు మీదే ఉంటుంది, దానికి వడ్డీ కూడా బిల్లులో జమ చేస్తారు.

మీటరు మీద ఎర్ర చుక్కని చూడండి

బిల్లు వాడకానికి మించి వస్తోందని అనుమానం ఉంటే, కంప్లయింట్ పెట్టే ముందు ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు టప్‌టప్‌మని వెలుగుతుంటుంది. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫోన్ చార్జర్లు కూడా పీకేయండి. ఇప్పుడు ఆ లైటు ముందు అయిదు నిమిషాలు నిలబడండి. ఒక్కసారి కూడా వెలగకపోతే సరే. అన్నీ ఆపినా వెలుగుతూ ఉంటే వైరింగులో ఎక్కడో లీకేజీ ఉంది, లేదా మీ మీటరు తర్వాత ఎవరో వైరు తగిలించుకున్నారు. లోపల మెయిన్ స్విచ్ కూడా దించి మళ్ళీ చూడండి. అప్పుడు ఆగిపోతే లోపం ఇంటి వైరింగులో ఉంది, ఎలక్ట్రీషియన్ని పిలవాలి. అప్పటికీ వెలుగుతుంటే మీటరుకీ మెయిన్‌కీ మధ్య చూడమని లైన్‌మన్‌ని పిలవాలి.

మీటరే వేగంగా తిరుగుతోందేమోనన్న అనుమానానికి ఇంకో పరీక్ష. మీటరు ముఖం మీద 3200 ఐఎంపీ అని గానీ 1600 అని గానీ ఉంటుంది. 3200 అంటే ఒక యూనిట్‌కి ఆ లైటు 3200 సార్లు వెలుగుతుంది. బకెట్ నీళ్ళలో 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు ఒక్కటే పెట్టి, మిగతావన్నీ ఆపి ఒక నిమిషం లెక్కపెట్టండి. 53కి అటూ ఇటూగా రావాలి. వోల్టేజీ తక్కువుంటే కొంచెం తగ్గుతుంది. 75, 80 వస్తే మీటరు పరీక్ష అడగడానికి మీ దగ్గర గట్టి కారణం ఉన్నట్టే. రాడ్డు ప్లగ్గులో ఉన్నంతసేపు నీళ్ళలో చెయ్యి పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఒకే మీటరు మీద మూడు వాటాలా?

అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం, జ్ఞానాపురం, మల్కాపురం, ఎక్కడ చూసినా ఇదే కథ. ఒక మెయిన్ మీటరు, లోపల మూడు వాటాలు, ఒక్కో వాటాకి సబ్ మీటరు. ఇంటివాళ్ళు యూనిట్‌కి 8 అనో 10 అనో ఒక రేటు కట్టి వసూలు చేస్తారు. చాలాసార్లు వాళ్ళది దురాశ కూడా కాదు, వాళ్ళకే పై శ్లాబు పడుతోంది.

లెక్క వేసి చూపిస్తాను. మూడు కాపురాలు, తలా 100 యూనిట్లు. ఒకే మీటరు మీద 300 అవుతుంది. పై పట్టిక ప్రకారం యూనిట్ల ఖర్చు 1673 రూపాయల 25 పైసలు. అదే మూడు మీటర్లుంటే ఒక్కొక్కరికీ 304 రూపాయల 50 పైసలు, ముగ్గురికీ కలిపి 913 రూపాయల 50 పైసలు. ఒక్క యూనిట్ తగ్గించకుండా, ఒక్క ఫ్యాన్ ఆపకుండా నెలకి దాదాపు 760 రూపాయలు మిగులుతున్నాయి. యూనిట్‌కి ఎనిమిది కడుతున్న వాటా వాళ్ళయితే ఇప్పుడు 800 ఇస్తున్నారు.

కాబట్టి ఇంటివాళ్ళతో మాట్లాడండి. దారి, వంటగది వేరుగా ఉన్న వాటాకి వేరే కనెక్షన్ అడగొచ్చు. మీటరు అద్దెకున్నవాళ్ళ పేరు మీద పడితే రేపు ఇల్లు ఖాళీ చేయరేమోనని ఇంటివాళ్ళు జంకుతారు. అప్పుడు రెండో మీటరు కూడా వాళ్ళ పేరు మీదే పెట్టించమనండి, శ్లాబు లాభం ఎలాగూ వస్తుంది. మా వీధిలో ఇంటి మామ్మగారు ఒప్పుకోకపోతే, కింద వాటాలో ఉండే కోడలు వయసు అమ్మాయి ఈ లెక్క నోట్‌బుక్కులో రాసి చూపించింది. "పిన్నిగారూ, మీకూ నెలకి రెండొందలు మిగులుద్దండి, కనెక్షన్ ఖర్చు మేం ముగ్గురం వేసుకుంటాం" అంది. వారం తిరక్కుండా దరఖాస్తు పెట్టారు. దరఖాస్తు సచివాలయంలో, మీసేవలో, మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వెబ్‌సైట్‌లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

ఉచిత యూనిట్లు మీకు వస్తున్నాయా

తెల్ల రేషన్ కార్డు (రైస్ కార్డు) ఉన్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి నెలకి 200 యూనిట్లలోపు వాడకం ఉచితం. జగ్జీవన్ జ్యోతి అంటారు. 2019కి ముందు 100 యూనిట్లే ఉండేది. అర్హత ఉండి కూడా బిల్లు కడుతున్న ఇళ్ళు ఆరిలోవలో, రెల్లివీధిలో నేను కళ్ళారా చూశాను. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మినవాళ్ళ పేరు మీదో ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రంలో పేరు వేరే ఉంటుంది. రెండూ కలవవు, రాయితీ పడదు.

అందుకే ముందు పేరు మార్పించుకోండి. ఇంటి యజమాని చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకోండి. పేరు మారిన తర్వాత కుల ధ్రువీకరణ, రైస్ కార్డు, ఆధార్ నకళ్ళు, తాజా బిల్లు తీసుకుని వార్డు సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్‌ని కలవండి. పొద్దున్న పదిన్నరలోపు వెళ్తే మనిషి దొరుకుతాడు. తర్వాత స్తంభాల మీదా లైన్ల మీదా ఉంటారు పాపం.

రజకుల లాండ్రీలకి, నాయీబ్రాహ్మణుల సెలూన్లకి, స్వర్ణకారులకి, అత్యంత వెనుకబడిన కులాల పేద కుటుంబాలకి కూడా కొన్ని యూనిట్లు ఉచితంగా ఇస్తున్నారు. కుల పత్రం ఒక్కటే చాలదు, తెల్ల రేషన్ కార్డు ఉండాలి. దుకాణాలకైతే ఆ వృత్తి నిజంగా చేస్తుండాలి. మీ వృత్తి ఇందులో ఉంటే అదే మనిషిని అడగండి.

300 యూనిట్ల గీత, పథకాలు

ఇది బిల్లు కంటే పెద్ద విషయం. సంక్షేమ పథకాలకి అర్హత చూసేటప్పుడు ఆరు అంచెల పరిశీలన అని ఒకటి చేస్తారు. నాలుగు చక్రాల బండి ఉందా, ఆదాయపు పన్ను కడుతున్నారా, అలాంటివాటిలో కరెంటు వాడకం ఒకటి. సగటున నెలకి 300 యూనిట్లు దాటితే కుటుంబం అనర్హుల జాబితాలోకి పోతుంది. తల్లికి వందనం లాంటి వాటికి ఈ గీతే అడ్డం వస్తుంది. గుర్తుంచుకోండి, చూసేది సగటు. మే, జూన్‌లో చెరో 500 వచ్చి, మిగతా పది నెలలూ 120 చొప్పున ఉంటే ఏడాది సగటు 183 మాత్రమే. ఒక్క నెల దాటినందుకు బెంగపెట్టుకోనక్కర్లేదు.

అసలు చిక్కు మన వాడకంతో కాదు, మన ఆధార్‌కి ఎన్ని సర్వీసులు తగులుకున్నాయన్నదానితో. మా అమ్మకి ఇదే జరిగింది. మేం ఇంట్లో కాల్చేది 110 యూనిట్లు. ఒక పథకానికి పేరు తిరిగొచ్చింది. కారణం కరెంటు అన్నారు. సచివాలయం కుర్రాడు ఆధార్ కొట్టి చూసి, "మామ్మా, మీ ఆధార్ మీద ఇంకో రెండు సర్వీసులు చూపిస్తున్నాయండి, గాజువాకలో ఏవైనా ఇళ్ళున్నాయా మీకు?" అన్నాడు. మా అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక, "గాజువాకలో నాకు మా పెద్దాడపడుచు తప్ప ఎవరూ లేరు బాబూ" అంది. ఎప్పుడో మేం అద్దెకున్న ఇంటి మీటర్లు అవి. ఎవరు ఎప్పుడు ఎక్కించారో ఇప్పటికీ తెలియదు. తీయించడానికి రెండు నెలలు తిరిగాను.

మీరు ఆ రెండు నెలలు తిరగకుండా, పథకం ఏదీ ఆగకముందే వెళ్ళి చూపించుకోండి. ఆధార్ తీసుకెళ్ళి, "దీనికి ఏ ఏ కరెంటు సర్వీసులు కలిసి ఉన్నాయో చూడండి" అని అడగండి. మీది కాని నంబరు కనబడితే రాసుకోండి. ఆ సర్వీసు మీది కాదని, మీరు అక్కడ ఉండటం లేదని ఒక అర్జీ రాసి, మీ ప్రస్తుత బిల్లు, అద్దె ఒప్పందం ఉంటే దాని నకలు జతచేసి సచివాలయంలో ఇవ్వండి. ఇంకో నకలు ఆ ప్రాంతం విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఇవ్వండి. రెండు చోట్లా మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నేను మొదటిసారి ముద్ర వేయించుకోలేదు. నెల తర్వాత వెళ్తే ఆ కాగితమే లేదన్నారు.

ఇల్లు మారినప్పుడల్లా కూడా ఈ పని చేయాలి. పాత ఇంటి సర్వీసు తీయించి కొత్తది ఎక్కించండి.

ఇల్లు చల్లబరచడం

ఇక వాడకం. పైకప్పు నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఫ్యాన్ గదిని చల్లబరచదు. పైన వేడెక్కిన గాలినే కిందికి తోస్తుంది.

రేకుల ఇల్లైనా డాబా అయినా పైన తెల్లగా ఉంటే ఎండని వెనక్కి కొడుతుంది, లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. దీనికి పెద్ద పెయింటు అక్కర్లేదు. పూర్ణామార్కెట్ వైపు దొరికే మామూలు సున్నం చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున్న గుడ్డలో వడగట్టి, మజ్జిగ చిక్కదనానికి తెచ్చి, పట్టుకోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక రెండు పూతలు వేయండి. మధ్యాహ్నం వేస్తే పట్టకముందే ఎండి పొడిగా రాలిపోతుంది. వానాకాలానికి కొంత పోతుంది కాబట్టి ప్రతి ఏడాదీ మార్చిలో వేసుకోవాల్సిందే. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, చేతులకి తొడుగులు వేసుకోండి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకండి, విరిగి కింద పడ్డవాళ్ళు ఉన్నారు. కింద దూలం ఉన్న చోట, బోల్టుల వరస మీద పలక వేసి దాని మీద నడవాలి. పాత రేకుల్ని పొడిగా గీకకండి, రుద్దకండి. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. నీళ్ళు చల్లి, మెత్తటి చీపురుతో ఊడ్చి, ఆ తర్వాత సున్నం వేయండి.

ఫ్యాన్ల సంగతి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 27 యూనిట్లు. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాన్ దాదాపు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది, నెలకి 11 యూనిట్లలోపే. ఖరీదు మామూలు దానికంటే ఎక్కువే. కాబట్టి ఇంట్లో అన్నీ మార్చేయమని నేను చెప్పను. రాత్రింబవళ్ళు తిరిగే ఒక్క ఫ్యాన్ మార్చండి, పెద్దవాళ్ళు పడుకునే గదిది. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంటే అది స్పీడు తగ్గించినా కరెంటుని వేడిగా మార్చి వృథా చేస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మార్పించండి, చిన్న ఖర్చే. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే కొత్తది కొనేముందు కండెన్సర్ మార్పించి చూడండి.

కూలర్ గురించి గట్టిగా చెప్తాను. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన చుట్టాలు కూలర్ కొనుక్కోమంటారు. నీళ్ళు ఆవిరవుతూ గాలిని చల్లబరచడం కూలర్ పద్ధతి. మన సముద్రపు గాలిలో అసలే తేమ నిండి ఉంటుంది, నీళ్ళు సరిగ్గా ఆవిరి కావు. కిటికీలు మూసి కూలర్ వేస్తే గది ఇంకా చిక్కగా, జిగటగా తయారవుతుంది. డబ్బు వృథా. అదే డబ్బు బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి, పైకప్పు సున్నానికి పెట్టండి. మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఆ వేళకి ఆ వైపు కిటికీ, దానికి ఎదురు తలుపు రెండూ తెరవండి. ఒక్కటి తెరిస్తే గాలి ఆడదు.

ఏసీ కొనుక్కోవద్దు అనను. ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్ళో, పచ్చి బాలింతో ఉంటే అవసరమే. కానీ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని పాత టన్నున్నర ఏసీ కొనకండి. గంటకి 1.6 యూనిట్ల లెక్కన, రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకి 384 యూనిట్లు ఒక్క ఏసీకే. నాలుగైదు నెలలు అలా నడిస్తే 300 సగటు గీత దగ్గరికి వచ్చేస్తుంది. చవగ్గా వచ్చిన ఏసీ పథకాలకే ఎసరు పెడుతుంది. తప్పనిసరైతే ఒక టన్ను, 5 స్టార్, ఇన్వర్టర్ రకం చూడండి. 26లో పెట్టి ఫ్యాన్ కూడా వేయండి. ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క.

వేడినీళ్ళు, వంట

విశాఖలో ఇల్లు వెచ్చబెట్టాల్సిన పని లేదు. అరకు, లంబసింగి వాళ్ళ బాధ వేరు. మనకి చలికాలం ఖర్చంతా స్నానాల నీళ్ళదే. 1500 వాట్ల రాడ్డు అరగంట పెడితే ముప్పావు యూనిట్. నలుగురున్న ఇంట్లో రోజుకి మూడు బకెట్లు కాస్తే నెలకి 67 యూనిట్లు. డాబా మీద నల్ల డ్రమ్ములో నీళ్ళు మధ్యాహ్నమంతా ఎండలో ఉంచి, పిల్లలకి సాయంత్రమే స్నానాలు చేయించేస్తే ఇందులో సగం పోతుంది.

గ్యాస్ అయిపోయిందని ఇండక్షన్ స్టవ్ మీద పడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెల్ల కార్డు వాళ్ళకి 2024 దీపావళి నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. అవి పూర్తిగా వాడుకుంటున్నారో లేదో గ్యాస్ పుస్తకం తీసి చూసుకోండి.

సోలార్

సొంత డాబా, మీ పేరు మీద సర్వీసు రెండూ ఉంటేనే ఈ మాట. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు ఆపైన 78 వేల రూపాయలు కేంద్రం ఇస్తుంది. రెండు కిలోవాట్లు సుమారుగా నెలకి 240 యూనిట్లు ఇస్తాయి, చిన్న కుటుంబానికి చాలు. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని, బీసీలకి రెండు కిలోవాట్ల మీద అదనంగా 20 వేలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పేరు నమోదైందో లేదో ఎనర్జీ అసిస్టెంట్ దగ్గరే చూపించుకోండి. కేంద్రం ఇచ్చే రాయితీ ప్యానెళ్ళు పెట్టిన తర్వాతే బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందే సంతకాలు పెట్టించుకుని అడ్వాన్సు అడిగే మధ్యవర్తుల్ని దగ్గరికి రానివ్వకండి. పథకం పోర్టల్లో పేరున్న వెండర్ అయితేనే మాట్లాడండి.

కట్టలేని నెల వస్తే

దాక్కోకండి. గడువు తేదీ చీటీ మీద ఉంటుంది. అది దాటకముందే బిల్లుల వసూళ్ళు చూసే మీ ఈఆర్‌ఓ కార్యాలయానికి వెళ్ళి, వాయిదాల్లో కడతానని రాసి ఇవ్వండి. పెద్ద బిల్లు పడినప్పుడు వాయిదాలు ఇస్తారు, కానీ అడిగినవాళ్ళకే. ఎంతో కొంత అక్కడికక్కడే కట్టి రసీదు చూపిస్తే మాట తొందరగా వింటారు.

2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బకాయికి కనెక్షన్ తీసేముందు రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లే తప్పని మీరు అభ్యంతరం చెప్తుంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు బిల్లు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కట్టొచ్చు. ఆ గొడవ తేలేదాకా సరఫరా ఆపకూడదు. ఈ ఒక్క నిబంధన తెలిసి ఉంటే కౌంటరు దగ్గర మీ గొంతు వణకదు.

బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదికి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని మెసేజ్ వస్తే అది మోసం. చేయకండి, వాళ్ళు పంపిన లింకు ఏదీ నొక్కకండి.

ఫిర్యాదుకి ముందు 1912కి ఫోన్ చేసి నంబరు రాసుకోండి. ప్రభుత్వం వారి మనమిత్ర వాట్సాప్ 95523 00009లో కూడా పెట్టొచ్చు. పని కాకపోతే ఈపీడీసీఎల్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఇక్కడే విశాఖలో ఉంది. లాయరు అక్కర్లేదు, మీరే మాట్లాడొచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఆధార్ తగులుకున్న వ్యవహారమైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమమే మేలు. విద్యుత్ వాళ్ళూ, సచివాలయం చూసేవాళ్ళూ ఒకే చోట ఉంటారు.

అర్జీ ఎలా రాయాలో తెలియక ఆగిపోయేవాళ్ళ కోసం, నేను మా వీధిలో అందరికీ రాసిచ్చేది ఇదే. ఖాళీలు నింపి వాడుకోండి.

"అసిస్టెంట్ ఇంజనీరు గారికి, ........ సెక్షన్, విశాఖపట్నం. అయ్యా, నా పేరు ........, ........ వీధిలో ఉంటున్నాను. నా సర్వీసు నంబరు ......... గత ఆరు నెలలుగా నా వాడకం నెలకి సుమారు ...... యూనిట్లు. ...... నెలలో ...... యూనిట్లకి బిల్లు వచ్చింది. ఇంట్లో అన్నీ ఆపినా మీటరు లైటు వెలుగుతోంది. దయచేసి మీటరు, లైను పరీక్ష చేయించి, తేలేవరకు గత ఆరు నెలల సగటు మొత్తం అభ్యంతరంతో కట్టించుకోవలసిందిగా కోరుతున్నాను. పాత బిల్లుల నకళ్ళు ఆరు జతచేశాను. తేదీ, సంతకం, ఫోన్ నంబరు."

లైటు పరీక్షలో ఏమీ తేలకపోతే ఆ వాక్యం కొట్టేయండి. రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.